సొరుగులో రివాల్వరు

హడ్సనమ్మగారి గోడ సంగతి మీరెప్పుడైనా ఆలోచించారా?

షెర్లాక్ హోమ్స్ కథలు చదివినవాళ్లకి ఆవిడ తెలుసు. లండన్ బేకర్ స్ట్రీట్‌లో హోమ్స్‌కి మేడమీద గదులు అద్దెకిచ్చిన ఇంటావిడ. తిక్క పుట్టినప్పుడు హోమ్స్‌గారు చేతుల కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే ఎదుటి గోడమీదికి తుపాకీ పేల్చి, తూటా చిల్లులతో 'వి.ఆర్.' అని రాస్తాడని డాక్టర్ వాట్సన్ చెబుతాడు. మహారాణి విక్టోరియా పేరుకి అవి పొడి అక్షరాలు. ఏం దేశభక్తండీ! చదువుతూ నేనూ నవ్వుకున్నాను. కానీ ఇల్లు ఊడ్చుకునేదాన్ని కదా, వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ రాలిన సున్నం పెళ్లలు ఎవరెత్తారు? ఆ చిల్లులు ఎవరు పూడ్పించారు?

రచయిత ఆర్థర్ కానన్ డాయల్ ఆ సంగతి చెప్పలేదు. ఇంకో కథలో మాత్రం, ఇంట్లోనే రివాల్వరు సాధన చేసే ఈ అద్దెమనిషిని భరించిన హడ్సనమ్మగారి ఓర్పుని మెచ్చుకుంటాడు. అద్దె మాత్రం రాజులా ఇచ్చేవాడట లెండి!

అప్పటినుంచీ సాహస కథలు చదివేటప్పుడు నాకో అలవాటైంది. తుపాకీ పట్టుకున్న మనిషిని కాసేపు పక్కనపెట్టి, ఆ తుపాకీ ఉన్న ఇంటిని చూస్తాను. అందులో ఉన్న ఆడవాళ్లని చూస్తాను. అలా చూస్తే తెలిసిన కథలే వేరుగా కనబడ్డాయి.

హీరో తుపాకీ వేరు

ఇలాంటి పుస్తకాలు మన ఇళ్లకి కొత్తేం కాదు. వీధి చివర అద్దె పుస్తకాల షాపులున్న రోజుల్లో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌నీ, మధుబాబుగారి షాడోనీ తెచ్చుకుని, అన్నయ్యకంటే ముందు మనమే చదివేసి దిండుకింద దాచినవాళ్లం కాదూ? వెండితెరమీద చూస్తే 1970లో 'రౌడీరాణి'గా విజయలలిత వచ్చింది. మరుసటేడు 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణగారు కౌబాయ్ టోపీ పెట్టారు. హాల్లో ఈలలే ఈలలు.

ఆ షాపులు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పటి పిల్లలు అవే సాహసాలు ఫోన్లో చూస్తున్నారు. చూసే పద్ధతి మారింది గానీ హీరో చేతిలో తుపాకీ మారలేదు. దానికి బరువుండదు. తూటాలైపోవు. గురి తప్పదు. కాల్చాక చెవులు దిమ్మెక్కవు. పడిపోయినవాడికి అమ్మా, ఆలీ, పిల్లలూ ఉండరు.

అలాంటి కథలు చదవొద్దని నేననను. కాలక్షేపం కాలక్షేపమే. అయితే సాహస కథల్లోనే ఇంకో రకం తుపాకీ ఉంది. అది మామూలు మనిషిది. సొరుగులో పడి ఉండేది, నాన్న వదిలి వెళ్లినది, ఎవరో అప్పజెప్పి వెళ్లినది. దాన్ని మామూలు మనిషి చేతికిచ్చినప్పుడు మంచి రచయిత నిజమే రాస్తాడు. ఆ నిజం ఏమిటంటే, ఇంటిని కాపాడతాడని తెచ్చిపెట్టిన తుపాకీ ఆ కథల్లో ఇంటిని కాపాడేది బహు తక్కువ. కాపాడేది వేరే ఏదో ఉంటుంది. చాలాసార్లు అది ఒక ఆడమనిషి కన్నో, ముక్కో, నోటిమాటో అవుతుంది.

వాట్సన్ జేబులో బరువు

వాట్సన్ గూఢచారి కాదు, పోలీసూ కాదు. డాక్టరు. సైన్యంతోపాటు అఫ్ఘనిస్థాన్ వెళ్లి, 1880లో జరిగిన మైవంద్ యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన మామూలు మనిషి. ఆయన దగ్గర మిగిలిందల్లా సైన్యంనాటి పాత రివాల్వరు, దాంతోపాటు కొన్ని తూటాలు. ప్రమాదమున్న చోటికి బయల్దేరాలంటే చాలు, హోమ్స్ అది జేబులో వేసుకోమంటాడు. మరి అన్నిసార్లు మోసుకెళ్లిన ఆ రివాల్వరు ఏం చేసింది?

1892లో వచ్చిన 'ది స్పెకిల్డ్ బ్యాండ్' కథ చూడండి. హెలెన్ స్టోనర్ అనే అమ్మాయి సవతి తండ్రికి భయపడి, తెల్లవారుజామున వణుకుతూ హోమ్స్ దగ్గరికి వస్తుంది. ఆ రాత్రి హోమ్స్, వాట్సన్ ఆమె గదిలో చీకట్లో కాపలా కూచుంటారు. రివాల్వరు వాట్సన్ చేతికి అందేటట్టు బల్లమీద ఉంది. తెల్లారేదాకా అది ఒక్కసారి కూడా పేలలేదు. గోడలోని కంతలోంచి వచ్చిన పాముని హోమ్స్ బెత్తంతో కొట్టి వెనక్కి తరిమాడు. అది వచ్చిన దారినే పోయి, పంపినవాణ్నే కాటేసింది. అసలా ఆమె ప్రాణం దక్కింది ఎందుకంటే, రాత్రిపూట ఈల శబ్దం వినబడుతోందన్న చిన్న సంగతి తను గమనించింది. గమనించి, సిగ్గుపడకుండా ఒకరికి చెప్పుకుంది.

అదే ఏడాది వచ్చిన 'ది కాపర్ బీచెస్'లో వయొలెట్ హంటర్ అనే పంతులమ్మ ఉంది. జుట్టు కత్తిరించుకుంటేనే ఉద్యోగమన్నాడు యజమాని. ఎంత అందమైన జుట్టో! పెద్ద జీతం, చేతిలో చూస్తే అప్పులు. కత్తిరించుకుంది. కానీ ఆ ఇంట్లో మూసి ఉంచిన భాగమేమిటో తనే కనిపెట్టింది. ఈ కథలో వాట్సన్ రివాల్వరు పేలింది. ఎవరిమీద? యజమాని ఆకలితో మాడ్చి, మనుషులమీదికి వదలాలని పెంచుకున్న వేటకుక్క ఆ యజమాని గొంతే పట్టుకుంది. దాన్ని చంపి ఆ దుర్మార్గుణ్ని కాపాడ్డానికి వాట్సన్ కాల్చాల్సి వచ్చింది! ఇంటికి కాపలా అని పెంచుకున్న కోర ఎవరిమీదికి తిరుగుతుందో చెప్పలేమని డాయల్‌గారు ఉపన్యాసం లేకుండానే చెప్పేశారు.

ఇంకో కథలో వాట్సన్ తన రివాల్వరు మడమతో ఒక హంతకుడి నెత్తిమీద మోదుతాడు. అంటే దాన్ని సుత్తిలా వాడాడన్నమాట.

వంటావిడ ముక్కు చెప్పిన సాక్ష్యం

ఈ కథలన్నింట్లో నన్ను బాగా కలచివేసింది 1903లో వచ్చిన 'ది డాన్సింగ్ మెన్'. సొరుగులో రివాల్వరుండే ఇళ్లన్నీ చదవాల్సిన కథ.

నార్ఫోక్ జిల్లాలో హిల్టన్ క్యూబిట్ అనే మంచి మనిషి. భార్య ఎల్సీ అమెరికా అమ్మాయి. పెళ్లికి ముందరి తన జీవితం గురించి ఏమీ అడగొద్దని ఆవిడ మాట తీసుకుంది, ఆయన ఇచ్చాడు. కొన్నాళ్లకి ఇంటి చుట్టుపక్కల ఎవరో చిన్నపిల్లల గీతల్లా ఎగురుతున్న మనిషి బొమ్మలు వేసి పోతుంటారు. వాటిని చూసినప్పుడల్లా ఎల్సీ పాలిపోతుంది. భర్త అడగలేడు, భార్య చెప్పలేదు. ఒకరాత్రి కిటికీలోంచి ఆ గీతలు గీసేవాణ్ని చూసి ఆయన రివాల్వరు తీసుకుని పరిగెత్తబోతే, ఆవిడ రెండు చేతులతో గట్టిగా పట్టేసుకుంటుంది. ఆ భయం ఎవరికోసం? భర్తకోసమే. తుపాకీ తీస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. వచ్చినవాడు చికాగో ముఠా మనిషి, ఒకప్పుడు ఆవిడకి నిశ్చయమైనవాడు.

ఎల్సీ తన ఉపాయం తను పన్నింది. వెయ్యి పౌన్లు సంచిలో పెట్టుకుని, తెల్లవారుజామున మూడింటికి కిటికీ దగ్గరికి రమ్మని వాడికి కబురు పంపింది. డబ్బిచ్చి పంపించేద్దామని ఆశ. వాడు వినలేదు, చెయ్యి పట్టి లాగాడు. అప్పుడే భర్త రివాల్వరుతో లోపలికొచ్చాడు. బెదిరించి తప్పించుకుందామని వాడూ తుపాకీ ఎత్తాడు. ఆయన కాల్చాడు, గురి తప్పింది. దాదాపు అదే క్షణంలో వాడు కాల్చాడు, తప్పలేదు. కిందపడ్డ రివాల్వరులో ఇంకా తూటాలున్నాయి. భర్త శవం పక్కన ఎల్సీ దాన్ని తన తలకే పెట్టుకుంది.

ఇంటిని కాపాడ్డానికి తెచ్చిన తుపాకీ రెండుసార్లు పేలింది. ఒకటి కిటికీ చట్రానికి తగిలింది, రెండోది ఇల్లాలి తలకి తగిలింది.

ఇక చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారో మనకి తెలియందా? తలుపులు మూసిన ఇల్లు, మొగుడూ పెళ్లాం, మధ్య ఒక రివాల్వరు. ఆవిడే మొగుణ్ని చంపి తను కాల్చుకుందన్న అనుమానం వచ్చేసింది. ఆ నింద పోగొట్టింది ఎవరనుకున్నారు? ఆ ఇంటి వంటావిడ, పనమ్మాయి. శబ్దం విని మేడమీద తమ గదుల్లోంచి బయటికి రాగానే మందు వాసన ముక్కుకి తగిలిందని ఇద్దరూ చెప్పారు. వాసన అంత తొందరగా పైకి రావాలంటే గాలి ఆడుతుండాలి, అంటే కిటికీ తెరిచి ఉండాలి. కిటికీ తెరిచి ఉంటే బయట మూడో మనిషి ఉండి ఉండొచ్చు. హోమ్స్ వెదికితే కిటికీ చట్రంలో మూడో తూటా కన్నం దొరికింది. వంటింట్లో పోపు మాడితే వీధి గుమ్మంలోనే పసిగట్టే ముక్కు మనది. ఆ ముక్కే ఇక్కడ ఒక ఆడదాని పరువు నిలబెట్టింది.

ఎల్సీ బతుకుతుంది. మళ్లీ పెళ్లి చేసుకోకుండా బీదలకి సాయం చేస్తూ, భర్త ఆస్తి చూసుకుంటూ ఉండిపోయిందని చివర్లో ఒక్క వాక్యంలో చెప్పేస్తాడు వాట్సన్. ఆ ఒక్క వాక్యంలో ఎంత జీవితముందో!

భార్య చేతికందితే...

1922 నాటి 'థోర్ బ్రిడ్జి' కథలో నీల్ గిబ్సన్ కోటీశ్వరుడు. ఇంటినిండా రకరకాల ఆయుధాలు. మంచం పక్క సొరుగులో తూటాలు నింపిన రివాల్వరు లేందే నిద్రపోడు. శత్రువుల భయం మరి! ఇంతకీ ఆ ఇంటి ఆయుధాల్లోంచి ఒక రివాల్వర్ల జత తీసింది ఏ శత్రువూ కాదు. ఆయన భార్య. భర్త మనసు పిల్లల పంతులమ్మ మీదికి పోయిందని కుమిలిపోయి, జతలో ఒకటి ఆ అమ్మాయి బీరువాలో దాచింది. రెండోది వంతెనమీద తన తలకి పెట్టుకుని కాల్చుకుంది. తన చేతిలోది ఎవరికీ దొరక్కుండా, తాడుతో ఒక రాయికి కట్టి వంతెన అవతలికి వేలాడదీసింది. చేయి వదలగానే రాయి బరువుకి అది నీళ్లలోకి పోయింది. హత్యానేరం అమ్మాయిమీద పడింది. అన్ని ఆయుధాలున్న ఇంట్లో భర్త ఎవరికి భయపడాలో సరిగ్గా తెలుసుకోలేకపోయాడు. పక్కనే ఉన్న మనిషి ఏడుపు వినలేకపోయాడు.

"మరి ఆడది కాల్చి న్యాయం చేసుకున్న కథ లేదా?" అంటారేమో. ఉంది. 1904లో వచ్చిన 'మిల్వర్టన్' కథ. ఆడవాళ్ల పాత ఉత్తరాలు సంపాదించి, డబ్బివ్వకపోతే భర్తలకి పంపుతానని పీడించే వాడొకడు. ఈ రోజుల్లో ఫోన్లో ఫోటోలు పెట్టుకుని బెదిరించేవాళ్ల తాత అనుకోండి. వాడివల్ల భర్తని పోగొట్టుకున్న ఒక పెద్దింటి స్త్రీ రాత్రివేళ వచ్చి, చిన్న రివాల్వరుతో వాణ్ని కాల్చేస్తుంది. తెరవెనక దాక్కున్న హోమ్స్ అడ్డుపడబోయిన వాట్సన్ చెయ్యి పట్టి ఆపేస్తాడు. చదువుతుంటే మనకీ "బాగైంది" అనిపిస్తుంది, అబద్ధమెందుకు! కానీ మళ్లీ చదవండి. వాడు చచ్చినంతమాత్రాన మిగతా ఆడవాళ్ల ఉత్తరాలు ఎక్కడికీ పోలేదు, ఇనప్పెట్టెలో భద్రంగానే ఉన్నాయి. ఇంట్లోవాళ్లు లేచి తలుపు బాదుతున్నా హోమ్స్ కదలకుండా, చేతులనిండా ఉత్తరాలు తీసి మంటలో వేశాడు. అంతమంది ఆడవాళ్లకి విముక్తి దొరికింది ఆ మంటలో. తుపాకీ ఒకామె పగ మాత్రమే తీర్చింది.

నాన్న తుపాకీ మోసిన పిల్ల

ఇంగ్లండు దాటి అమెరికా వెళదాం. ఛార్లెస్ పోర్టిస్ 1968లో రాసిన 'ట్రూ గ్రిట్' నవల పేరు వినకపోయినా, 1969లోనూ 2010లోనూ వచ్చిన సినిమాలు కొందరైనా చూసే ఉంటారు. కథ చెప్పేది మ్యాటీ రాస్ అనే ఆవిడ. తనకి పధ్నాలుగేళ్లప్పుడు పాలేరు నాన్నని కాల్చి పారిపోయాడు. అమ్మ మంచాన పడినంత పనైంది, తమ్ముడూ చెల్లెలూ చిన్నవాళ్లు. ఇంటి లెక్కలు చూసే పిల్ల మ్యాటీయే పట్నం వెళ్లింది. నాన్నకి గుర్రాలు అమ్మిన వ్యాపారిని కూచోబెట్టి, లాయరు పేరు చెప్పి, గీచి గీచి బేరమాడి రావలసిన డబ్బు వసూలు చేసింది. ఆ డబ్బుతో ఒంటికన్ను మార్షల్‌ని కుదుర్చుకుంది. మన ఇళ్లలో పాలవాడితో, చీటీలవాడితో లెక్క తేల్చుకునే పెద్దకూతురు గుర్తొస్తుంది చూడండి!

ఆ పిల్ల సంచిలో నాన్న పాత కోల్ట్ డ్రాగూన్ పిస్తోలు ఉంది. దాదాపు రెండు కిలోల బరువు. అంటే ఒంటిచేత్తో నిండు మరచెంబు చాచి పట్టుకున్నట్టు. ఒక్కో గదిలో మందుపోసి, సీసపు గుండు దిగ్గొట్టి, వెనకాల క్యాపు పెట్టాలి. ఏది తడిసినా, కదిలినా పేలదు. నీళ్లకని ఏటికి వెళితే నాన్నని చంపినవాడే ఎదురయ్యాడు. పిస్తోలు ఎలా ఎక్కుపెట్టాలో వాడే వెక్కిరిస్తూ చెప్పాడు. ఒక దెబ్బ డొక్కలో తగిలింది, తర్వాత పిస్తోలు మొరాయించింది. పిల్ల ముఠావాళ్ల చేతికి చిక్కింది. మళ్లీ అవకాశమొచ్చి కాల్చినప్పుడు అది వెనక్కి తన్నిన తాపుకి వెనకాల గోతిలో పడిపోయింది. అందులో పాములు. ప్రాణం దక్కింది గానీ ఎడం చెయ్యి తీసేయాల్సి వచ్చింది.

పగ తీరింది, చెయ్యి పోయింది. నవల పొడుగునా ఆ ముసలావిడ జాలి అడగదు, గొప్పలూ పోదు. కానీ పిల్లని గెలిపించిన చోట్లు లెక్కపెడితే అవి బేరం, లెక్క, పట్టుదల. పిస్తోలు తీసిన చోటల్లా కొత్త ఆపద.

నవ్వు తెప్పించేది కూడా ఒకటి చెబుతాను. రైడర్ హగ్గర్డ్ 1885లో రాసిన 'కింగ్ సాలమన్స్ మైన్స్'లో వేటగాడు క్వాటర్‌మెయిన్ తన బరువు తుపాకుల్ని దారిలో ఒక ముసలివాడికి అప్పజెప్పి, "ముట్టుకుంటే పేలతాయి" అని బెదిరించి వెళతాడు. ముట్టుకోవద్దంటే ఊరుకునే చెయ్యి ఏదండీ? ఆ ముసలాయన వెంటనే ముట్టుకోనే ముట్టుకున్నాడు. తుపాకీ పేలి అతని ఎద్దుకే చిల్లు పడింది, అతను పల్టీకొట్టాడు. నవలలో ఎద్దు కాబట్టి నవ్వుతాం. మన ఇంట్లో అలమరలు తెరిచి చూసేది ఎవరో ఒక్కసారి తలుచుకోండి.

తూటాలు అమ్మమ్మవి

ఇదంతా పుస్తకాల గొడవేలే అనుకోకండి. కొన్నేళ్ల కిందట మా అక్కావాళ్లింట్లో ఇదే పంచాయితీ అయింది. మా బావగారు రైసుమిల్లులో లెక్కలు చూస్తారు. సీజన్లో ఒక్కోసారి మిల్లు డబ్బు రాత్రిపూట ఇంట్లో ఉంటుంది. వెనక వీధిలో దొంగతనం జరిగేసరికి, రివాల్వరు లైసెన్సుకి దరఖాస్తు పెడతానన్నారు. "ఆడవాళ్లున్న ఇల్లు, ధైర్యంగా ఉంటుంది" అని ఆయన మాట. ఆయన చెడ్డవారు కాదు, భయపడ్డారు. అక్క మాట్లాడలేదు. నేను వెళ్లినప్పుడు "డిటెక్టివ్ నవలలు తెగ చదువుతావుగా, నువ్వు చెప్పు మరదలా" అన్నారు.

నేను ఎల్సీ కథ చెప్పాను. ఆ తర్వాత మా అమ్మమ్మ సంగతి చెప్పాను.

మా తాతయ్యకి చెరుకుతోట మీదికొచ్చే అడవిపందుల కోసం లైసెన్సున్న సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఎన్నికలొస్తే దాన్ని పోలీసుస్టేషన్లో అప్పజెప్పి, అయ్యాక తెచ్చుకునేవారు. తుపాకీ తాతయ్య గదిలో గోడకి ఉండేది. తూటాలు మాత్రం అమ్మమ్మ భోషాణంలో. ఆ తాళంచెవి ఆవిడ బొడ్లో. తాతయ్యకి తూటా కావాలంటే అమ్మమ్మని అడగాలి. "ఏం కనబడింది? ఎక్కడ? మనవలందరూ ఇంట్లోనే ఉన్నారా?" అని లెక్క చూసుకున్నాకే పెట్టె తెరిచేది. ఆయన కోపంలో ఉంటే తాళంచెవి కనబడేదే కాదు. "తుపాకీ ఆయనది, తూటాలు నావి" అనేది. చట్టం చదివింది కాదు ఆవిడ, చదువే లేదు. తుపాకీకి కోపానికి మధ్య ఒక తలుపు, ఆ తలుపుకి తాళం, ఆ తాళం ఇంకొకరి దగ్గర ఉండాలని ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు ఉండాలి. ఇరవయ్యొక్కేళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి. 2019లో చట్టాన్ని సవరించి ఒక మనిషికి మూడు తుపాకులన్నది రెండుకి తగ్గించారు. పెళ్లి ఊరేగింపుల్లో సరదాకి గాల్లోకి కాల్చి, ఎదుటివాళ్ల ప్రాణాలమీదికి తెచ్చేవాళ్లకి రెండేళ్లదాకా జైలో, లక్ష రూపాయలదాకా జరిమానానో, రెండూనో పెట్టారు. ఇవన్నీ లైసెన్సు తీసుకునేటప్పుడు చూసేవి. తీసుకున్నాక పదేళ్లపాటు దాంతో కాపురం చేసేది ఇంట్లోవాళ్లు.

చివరికి తీర్పు చెప్పింది మా అక్కే. "మీరు ఊళ్లో లేని రాత్రి నేను దొంగకంటే దానికే ఎక్కువ భయపడతాను. పిల్ల ఏ సొరుగు లాగుతుందోనని నాకు నిద్రుండదు" అంది. బావగారు చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు మిల్లు యజమానితో మాట్లాడి, డబ్బు రాత్రిపూట ఇంట్లో ఉండకుండా బ్యాంకులో వేసే ఏర్పాటు అడిగారు. పెరటి తలుపుకి ఇనుప గ్రిల్లు, వాకిట్లో పెద్ద లైటు వచ్చాయి. ఎదురింటివాళ్లతో ఒక ఒప్పందం కుదిరింది... ఏ ఇంట్లో చప్పుడైనా అందరూ లైట్లు వెయ్యాలని.

మోకాళ్లమీద పాకిన ధైర్యం

తుపాకీ లేకపోతే పిరికితనమా? 1903 నాటి 'ది ఎంప్టీ హౌస్' చదవండి. కర్నల్ మొరాన్ అని పులులవేటలో పేరుమోసిన గురికాడు. ఎదురింట్లో కూచుని, చప్పుడు చెయ్యని ఎయిర్‌గన్‌తో హోమ్స్ తలకి గురిపెడతాడు. కిటికీలో కనబడేది హోమ్స్ కాదు, మైనపు బొమ్మ. ఆ బొమ్మ కదలకపోతే అవతలివాడికి అనుమానం వస్తుంది. అందుకని పావుగంటకోసారి, నీడ పడకుండా నేలమీద మోకాళ్లతో పాకి వెళ్లి బొమ్మని కొంచెం తిప్పి వచ్చింది హడ్సనమ్మగారు. నడివయసు ఇంటావిడ, చేతిలో ఏమీ లేదు, ఎదురుగా తుపాకీ. తూటా బొమ్మ తలలోంచి దూసుకుపోయి గోడకి తగిలి పడింది. అంతా అయ్యాక ఆవిడ ఏం చేసిందో తెలుసా? తివాచీమీద పడిన తూటాని ఏరి జాగ్రత్త చేసి హోమ్స్ చేతికిచ్చింది. నా లెక్కలో ఆ కథకి నాయిక ఆవిడే.

పిల్లలతో చదివేటప్పుడు

పిల్లల చేతిలోంచి పుస్తకం, ఫోను లాక్కోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. దీపావళికి రీలు తుపాకీ కొనివ్వనన్నా, చీపురు పుల్ల పట్టుకుని "ఠా ఠా" అనే వయసది. పక్కన కూచుని చదవండి, చూడండి. మధ్యలో చిన్న చిన్న ప్రశ్నలు వెయ్యండి చాలు.

ఈ తుపాకీ ఎవరిది, ఎందుకు తెచ్చారు? తెచ్చిన పనికే వాడారా? రివాల్వరులో మామూలుగా ఆరు తూటాలు, ఇప్పటికి ఎన్ని కాల్చాడు? కాల్చినప్పుడు ఇంట్లో ఇంకెవరెవరున్నారు? పడిపోయినవాడి ఇంట్లో ఈ రాత్రి ఎలా ఉంటుంది? తుపాకీ లేకుండా ఇదే పని చెయ్యడానికి దారుందా? ఈ ప్రశ్నలకి నిలిచే కథ మంచి కథ. నిలవనిది వట్టి టపాకాయ, కాసేపు చూసి వదిలేయొచ్చు.

ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకి ఒక మనవి. పిల్లలకి దాచినచోటు తెలియదని అనుకోవద్దు. తూటాలు వేరేచోట పెట్టి, ఆ తాళం వేరేవాళ్ల దగ్గర ఉంచండి. మనసు బాగోలేనివాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని ఇంట్లోనే ఉంచొద్దు. ఎవరికి అప్పగించాలో పోలీసుస్టేషన్లో అడగండి, మొహమాటపడక్కర్లేదు.

మా అక్క కూతురికి ఇప్పుడు పన్నెండేళ్లు. మొన్న సెలవుల్లో మా ఇంటికొచ్చి ఏదో సీరీస్ చూస్తోంది. హీరో స్తంభం చాటునుంచి ఎడాపెడా కాల్చేస్తున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. ఉన్నట్టుండి హాల్లోంచి కేక: "పిన్నీ, ఇది ఏడోది! అబద్ధం!"

అని ఊరుకోలేదు. కాసేపటికి వచ్చి గట్టుమీద కూచుని అడిగింది, "ఆ వాచ్‌మన్‌ని కాల్చేశారు కదా పిన్నీ, వాళ్లింట్లోవాళ్లకి ఎవరు చెబుతారు?" అని.